ఎడమ చేతిలో కప్పు

నా ఉద్యోగం చాలా చిన్నది, ఆర్లీన్.
ముందు షాట్‌లో కప్పు నీ ఏ చేతిలో ఉందో
సిగరెట్ ఎంతవరకు కాలిందో
కన్నీటిచుక్క ఏ చెంప మీద ఆగిందో
రాసి పెట్టుకోవడం.
స్టూడియోలో దాన్ని కంటిన్యూటీ అంటారు.
మా అమ్మ మాత్రం, పరాయివాళ్ళ మొహాలు చూసి
జీతం తీసుకోవడం అనేది.

నువ్వొచ్చిన మొదటి రోజు
నీ గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి ఉందని
మేకప్ లూయెల్లా గొణిగింది.
మట్టి కాదు, ఇనుము అన్నావు.
మిన్నెసోటాలో గని తవ్వుకుంటూ తవ్వుకుంటూ
మీ ఊరినే పక్కకి జరిపారట,
దుంగల మీద మీ ఇల్లు వీధి దాటుతుంటే
లోపల మీ అమ్మ సూప్ కలుపుతూనే ఉందట.
పబ్లిసిటీ ఆఫీసు నీ పేరునీ వదల్లేదు.
విద్మార్ పోయి వేల్ మిగిలింది.
కోసేసిన ముక్క ఎక్కడ పడేశారని అడిగావు.
గదంతా నవ్వింది. నువ్వు నవ్వలేదు.
అదీ రాసుకున్నాను, అలవాటు కొద్దీ.

తర్వాత తొమ్మిదేళ్ళు నిన్ను చంపుతూనే ఉన్నారు.
మెట్ల మీంచి తోసి రెండుసార్లు,
విషంతో మూడుసార్లు,
ఒకసారి మొహావీ ఎడారిలో అద్దె గుర్రం కింద.
హీరోయిన్ ఏడవాలంటే ఎవరో ఒకరు చావాలి కదా.
నీ చావులన్నీ భోజనాలయ్యాకే,
ఉన్నది ఒక్క గౌనే కాబట్టి.
కట్ అనగానే లేచి దుమ్ము దులుపుకుని
"చెయ్యి సరిగ్గానే పడిందా, మిసెస్ ప్రూయిట్?" అనేదానివి.
సరిగ్గానే పడేది.
ఎప్పుడూ అరచెయ్యి పైకి,
ఎవరో చిల్లర బాకీ ఉన్నట్టు.

టీవీ వచ్చింది. నీకు తెల్ల టోపీ పెట్టారు.
పదకొండేళ్ళు, వారానికి ఐదు మధ్యాహ్నాలు,
ఎన్ని ఇళ్ళల్లోనో ఇస్త్రీపెట్టెలు
నీ ఎదుట ఆగి ఆవిరి కక్కేవి.
ఒక మంగళవారం కూరగాయల కొట్లో
పుచ్చకాయల దగ్గర
ఒకావిడ నిన్ను నర్సమ్మా అని పిలిచి
చంకలో గడ్డని నీ వేళ్ళకి చూపించింది.
ఉత్త నటిని అనొచ్చు నువ్వు.
అనలేదు. కారెక్కించుకుని
నిజం ఆసుపత్రికి తీసుకెళ్ళావు, మేకప్‌తోనే.
రెండు గంటలు షూటింగ్ ఆగింది.
ఆలస్యానికి కారణం: లైట్లు చెడిపోయాయి, అని
రిపోర్టులో నేనే రాశాను.
ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో
నేను రాసిన అబద్ధం అదొక్కటే.
ఆవిడ బతికిందో లేదో
మనిద్దరికీ తెలీదు.

నీకు నలభై మూడు నిండిన వారం
ఆ నర్సుని ఫోన్‌లో చంపేశారు.
ఎవరో రిసీవర్ ఎత్తి అయ్యో అన్నారు, అంతే.
అన్ని చావులు చేతనైనదానికి
ఆ ఒక్కటీ చెయ్యనివ్వలేదు.
సెట్ అంచున, కేబుళ్ళ మధ్య నిలబడి చూశావు.
నీ చేతులు ఎక్కడున్నాయో
ఆ రోజు నేను చూడలేదు. క్షమించు.

ఆపైన ఒక కాఫీపొడి ప్రకటన.
ముప్ఫై రెండు టేకులు.
ప్రతి గుక్కా చిరునవ్వు వెనక దాచి
కట్ అనగానే బకెట్‌లో ఉమ్మడం.
ఇక చెక్కులు.
పాత ఎపిసోడ్ ఏ దేశంలో ఏ అర్ధరాత్రి వేసినా
పదిహేడు సెంట్లు, ఇరవై రెండు సెంట్లు.
పోస్టల్ స్టాంపంత విలువైనా లేదని
వాటిని ఫ్రిజ్ తలుపుకి అతికించావు.
తలుపు తీసినప్పుడల్లా రెపరెపలాడేవి.

ఇవాళ బర్బాంక్‌లో, నీ రెండో అంతస్తు గదిలో
కప్పు కుడి చేతిలో ఉంది.
ఎడమవైపంతా పక్షవాతం తీసేసుకుంది.
నా చూపు అక్కడే ఆగడం నువ్వు పట్టేశావు.
"మ్యాచ్ అవదు కదూ?"
మాట వంకర తిరిగింది, చూపు మాత్రం తిన్నగానే.
కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.
అవదు, ఆర్లీన్. ముందు షాట్‌లో ఎడమ చెయ్యి.
"అయితే మళ్ళీ తీద్దాం" అని
కప్పు నాకిచ్చి, కుడి చేత్తో ఎడమ చేతిని
నిద్రపోతున్న పిల్లిని ఎత్తినట్టు ఒళ్ళోకి తెచ్చుకుని
అరచెయ్యి పైకి తిప్పావు.
కప్పు అందులో పెట్టాను. కింద నా చెయ్యి.
అదే కంపెనీ పొడి.
ఒక్క గుక్క మింగి మొహం చిట్లించావు.
ఇంత చేదని ఎవరూ చెప్పలేదే, అన్నావు.